తాళం చేతికిస్తే సరిపోదు: జి.డి. నాయుడు బైకు, నిజాం కారు, మా నాన్న అంబాసిడర్

ఎపిసోడ్ మొదట్లో ఒక సౌండ్ వినిపించాను కదా, ఇంజిన్ ఆడుతుంటే మధ్యలో టక్ టక్ అని ఒకటి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకి ఇంకా బాగా తెలిసుంటుంది. నేను దాన్ని ఫోన్లో రికార్డు చేసి మా నాన్నకి వినిపించాను. ఆయన టీ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టకుండానే, "మూడో సిలిండర్లో ట్యాపెట్ లూజ్‌గా ఉందిరా" అన్నారు. వెళ్లి బానెట్ ఎత్తి చూస్తే మూడోదే.

నేను బీటెక్ చదివాను. హైదరాబాద్‌లో నాలుగేళ్లు కోడింగ్ చేశాను. కోడ్‌లో బగ్ ఎక్కడుందో తెలియాలంటే లాగ్ చూడాలి, గూగుల్ చేయాలి. ఈయన చెవితో చెప్పేశారు. ఆ రోజు నాకు వచ్చిన డౌటే ఇవాళ్టి ఎపిసోడ్. పాత బండిని తండ్రి కొడుక్కి ఇస్తాడు, ఓకే. ఈ చెవిని ఎలా ఇస్తాడు?

ముందు మా బండి సంగతి చెప్తాను. తర్వాత కోయంబత్తూరు వెళ్దాం, అక్కణ్నుంచి హైదరాబాద్, మళ్లీ ఆకివీడు.

మా తాత ఆకివీడులో రైస్ మిల్లులో ఫిట్టర్. ఆయిల్ ఇంజిన్లు విప్పి బిగించడం ఆయన పని. 1984లో ఒక సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కొన్నారు. 1977 మోడల్, మార్క్ త్రీ, పెట్రోల్ బండి. దాన్ని మా నాన్న టాక్సీ తిప్పారు. అప్పుడప్పుడే మా కొల్లేరు చుట్టుపక్కల వరి చేలు చేపల చెరువులైపోతున్న రోజులు. చేపలు కొనేవాళ్లు, సీడ్ అమ్మేవాళ్లు, ఐస్ ఫ్యాక్టరీల వాళ్లు, అందరికీ అర్జెంటే. ఆకివీడు నుంచి కైకలూరు, భీమవరం, ఏలూరు తిరుగుళ్లు. పెళ్లిళ్ల సీజన్లో ద్వారకా తిరుమల. ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థం వైపు. అయిదుగురు ఎక్కాల్సిన బండిలో తొమ్మిదిమంది ఎక్కేవాళ్లట. డ్రైవర్ పక్కన ముగ్గురు కూర్చోగలిగేవాళ్లు, ఎందుకంటే గేరు రాడ్డు కింద ఉండదు, స్టీరింగ్ పక్కనే ఉంటుంది.

మా ప్రాంతంలో బండికి అసలు శత్రువు దూరం కాదండి, నీళ్లు. బుడమేరు, తమ్మిలేరు కొల్లేరులోకి వస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే బయటకి, సముద్రంలోకి తీసుకెళ్తుంది. కొల్లేరు పొంగితే రోడ్డేదో చెరువేదో తెలీదు. మామూలు రోజుల్లో కూడా ఆ ఉప్పు గాలికి రేకు తుప్పు పట్టేస్తుంది. అందుకే మా దగ్గర బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ సగం మెకానిక్ ఒకడు ఉండాల్సి వచ్చేది. మా ఇంట్లో ముందు తాత, తర్వాత నాన్న.

2006 ప్రాంతంలో నాన్న టాక్సీ మానేశారు. బండి షెడ్డులోకి వెళ్లింది. నేను చిన్నప్పుడు దాని డిక్కీలో దాక్కుని దొంగా పోలీస్ ఆడుకున్నాను తప్ప, దాని సంగతి పట్టించుకోలేదు. రెండేళ్ల కిందట సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు పాత ఇనుము కొనేవాడు రేటు అడుగుతున్నాడు. నాన్న చెప్పట్లేదు, ఊరికే టైరు మీద చెయ్యేసి నిలబడ్డారు. "నాన్నా, దీన్ని మనం బాగు చేద్దాం" అన్నాను. "మనం అంటే ఎవరు? నీకు జాకీ ఎక్కడ పెట్టాలో తెలుసా?" అన్నారు. తెలీదు, నిజంగానే తెలీదు.

ఇక్కడ ఆపి కథ కోయంబత్తూరుకి తీసుకెళ్తాను. ఎందుకంటే ఈ విషయంలో మన తెలుగువాళ్లకి చాలా పెద్ద ఉదాహరణ అక్కడుంది.

జి.డి. నాయుడు. పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. మాధవన్ ఈయన పాత్ర చేస్తున్నారని 2025లో అనౌన్స్ అయింది కాబట్టి మీలో కొంతమంది పేరు వినుంటారు. ఈయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తెలుగు రైతు కుటుంబం. విజయనగర రాజుల కాలం నుంచీ దక్షిణానికి వెళ్లి అక్కడ నల్లరేగడి నేలల్లో స్థిరపడిన తెలుగువాళ్లు కోయంబత్తూరు చుట్టూ చాలామంది ఉన్నారు. స్కూలు చదువు ఈయనకి ఎక్కలేదు. కానీ ఒకరోజు ఆ పల్లెకి ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. రడ్జ్ కంపెనీ బండి. గుర్రం లేదు, ఎద్దు లేదు, అయినా నడుస్తోంది. అది దారిలో ఆగిపోతే ఆ అధికారి కిరసనాయిలు, గుడ్డ అడిగాడని, ఆయన బాగు చేసుకుంటుంటే ఈ కుర్రాడు కన్నార్పకుండా చూశాడని చెబుతారు.

మనలాంటి వాళ్లమైతే ఏం చేస్తాం? ఒక సెల్ఫీ దిగి వదిలేస్తాం. ఆయన ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్లి, హోటల్లో సర్వరుగా చేరి, కొన్నేళ్లపాటు డబ్బు కూడబెట్టి, ఆ అధికారి దగ్గరికే వెళ్లి ఆ బైకునే కొన్నాడు. 300 రూపాయలకి అంటారు. కొన్న తర్వాత ఏం చేశాడన్నదే నాకు అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్. మొత్తం విప్పేశాడు. ఏ ముక్క ఎందుకుందో అర్థం అయ్యేదాకా చూసి, మళ్లీ బిగించాడు. యూట్యూబ్ లేదు, మాన్యువల్ చదివిపెట్టేవాళ్లు లేరు. ఆయనకి ఇంజనీరింగ్ కాలేజీ ఆ బైకే.

తర్వాత 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టాడు. పొల్లాచ్చి నుంచి పళని. దానికి రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి అప్పిచ్చి సాయం చేశాడు. బస్సు తనే నడిపేవాడు. ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద కంపెనీ అయింది, 1930లు వచ్చేసరికి వందల బస్సులు. మీరే ఆలోచించండి, ఆ కాలంలో విదేశాల నుంచి వచ్చిన బండి పాడైతే స్పేర్ పార్ట్ ఓడలో రావాలి. నెలలు పడుతుంది. అన్ని నెలలు బస్సు నిలబెట్టలేం కదా. అంటే విప్పడం వచ్చినవాడే వ్యాపారం చేయగలడు. ఆ అవసరం నుంచే వర్క్‌షాప్ వచ్చింది, వర్క్‌షాప్ నుంచి తయారీ వచ్చింది. 1937లో డి. బాలసుందరంతో కలిసి మన దేశంలో ఎలక్ట్రిక్ మోటార్ తయారు చేశారు. ఇవాళ కోయంబత్తూరు అంటే మోటార్లు, పంపుసెట్లు అని మన రైతులకి కూడా తెలుసు. మా కొల్లేరు చెరువుల గట్ల మీద కూడా కోయంబత్తూరు మోటార్లు కనిపిస్తాయి. ఆ పేరు వెనక ఈ తరం మనుషులున్నారు. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోల్ కారు చేసి, 2,000 రూపాయలకి అమ్మొచ్చు అన్నారు. ప్రభుత్వం తయారీకి లైసెన్సు ఇవ్వలేదు, అది అక్కడే ఆగిపోయింది.

1974 జనవరి 4న నాయుడు గారు పోయారు. ఇక్కడే మన ప్రశ్న వస్తుంది. తర్వాత ఏమైంది?

ఆయన కుమారుడు జి.డి. గోపాల్. తండ్రి పెట్టిన సంస్థలు, కుర్రాళ్లకి పని నేర్పే శిక్షణ కేంద్రం, మ్యూజియం అన్నీ కుటుంబం నడుపుతూ వచ్చింది. 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో జీడీ కార్ మ్యూజియం తెరిచారు. ప్రపంచంలో మొదటి కారుగా చెప్పుకునే 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండి నమూనా దగ్గర మొదలుపెట్టి, పాత కార్లు వరసగా ఉంటాయి. ఖరీదైన బండా, రాజుగారి బండా అన్న లెక్క కన్నా, ఇంజనీరింగ్‌లో ఈ బండి కొత్తగా ఏం చేసింది అన్నదానికే అక్కడ విలువ. నాకు అందులో ఆ తండ్రి కనిపించాడు. కలంగల్ కుర్రాడు ఆ రడ్జ్ బైకుని ఎలా చూశాడో, కొడుకు కార్లని అలాగే చూపిస్తున్నాడు. అదే అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో తెరిచిన 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కి కూడా జి.డి. నాయుడు పేరే పెట్టారు.

ఇప్పుడు హైదరాబాద్ వద్దాం. దీనికి పూర్తిగా వేరే కథ.

చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది. దాన్ని ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. బండి వచ్చేలోపే, 1911లో ఆయన చనిపోయారు. అంటే ఆ కారు తండ్రి కోరిక, కొడుకు చేతికొచ్చింది. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్, ఏడో నిజాం, దాన్ని దర్బారు సందర్భాలకి తప్ప తీయలేదు. దాని మీటరు మీద ఉన్నది 356 మైళ్లు అంటారు. మన లెక్కలో 573 కిలోమీటర్లు. ఆకివీడు నుంచి హైదరాబాద్ వెళ్లి ఇంటికి తిరిగి చేరడానికి కూడా చాలదు. వందేళ్లు దాటిన కారు, మొత్తం జీవితంలో అంతే తిరిగింది.

1967లో ఉస్మాన్ అలీ ఖాన్ పోయాక ఆస్తంతా మనవడు ముకర్రం జాకి వచ్చింది. దాంతోపాటు గ్యారేజీ నిండా కార్లు. ఇంకా వందలకొద్దీ వారసులు, కోర్టు కేసులు. విచిత్రం ఏంటంటే, ముకర్రం జాకి యంత్రాలంటే పిచ్చి. ఆస్ట్రేలియా వెళ్లి అక్కడ లక్షల ఎకరాల గొర్రెల ఫారం కొని, బుల్డోజర్లు తనే నడుపుకుంటూ, ఇంజిన్లు తనే రిపేరు చేసుకుంటూ గడిపాడు. చేతికి గ్రీజు అంటుకుంటే ఆనందించే మనిషి. అలాంటి మనిషి చేతికొచ్చిన కార్లు ఇక్కడ దుమ్ము పట్టాయి. చివరికి 2000ల్లో ప్రిన్సెస్ ఎస్రా ముందుండి చౌమహల్లాని బాగు చేయించి జనానికి తెరిచాకే ఆ రోల్స్ రాయిస్ మళ్లీ మన కళ్లబడింది.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నిజాంల ఇంట్లో కారు ఒక తరం నుంచి ఇంకో తరానికి వచ్చింది, కానీ దాన్ని విప్పిన చెయ్యి ఆ ఇంట్లోది కాదు. జీతగాళ్లది. జీతం ఆగగానే ఆ చెయ్యి వెళ్లిపోయింది. నాయుడు గారింట్లో విప్పే అలవాటే ఇంట్లో ఉండిపోయింది. కార్లు దాని వెనకాల వచ్చాయి.

మరి మా ఇంట్లో?

షెడ్డులో ఇంకో చిక్కుంది. అది నాకు ఆ సంక్రాంతి దాకా తెలీదు. మా బండిలో ఉన్న ఇంజిన్ అంబాసిడర్‌ది కాదు. 1993లో పెట్రోల్ ఖర్చు తట్టుకోలేక నాన్న మాటడోర్ డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. ఆ రోజుల్లో చాలామంది టాక్సీవాళ్లు అదే చేశారు. అసలు పెట్రోల్ ఇంజిన్, 1489 సీసీది, షెడ్డు మూల గోనెపట్టా కింద పడుంది. తాత దాన్ని అమ్మనివ్వలేదట.

నేను వెంటనే ఫోన్ తీసి రూల్స్ చూశాను. 2021 జులైలో కేంద్రం పాత బండ్లకి కొత్త రూల్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన బైకులు, కార్లు వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరు ప్లేటు మీద వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరగడానికి వీల్లేదు, ఎగ్జిబిషన్లకి, ర్యాలీలకి, అలాంటి వాటికి మాత్రమే. ముఖ్యమైన కండిషన్ ఏంటంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా, బండి అసలు రూపంలో ఉండాలి.

మాది 1977. 2027కి 50 నిండుతాయి. నాకు ప్లాన్ రెడీ అయిపోయింది. డీజిల్ ఇంజిన్ తీసేద్దాం, పాత పెట్రోల్ ఇంజిన్ ఎక్కిద్దాం, 1977లో ఎలా ఉందో అలా చేద్దాం, వి.ఎ. ప్లేటుకి అప్లై చేద్దాం, వీడియో సిరీస్ తీద్దాం. నాన్న అంతా విని ఒక్క మాట అన్నారు.

"నువ్వు దీన్ని 1977కి తీసుకెళ్దామంటున్నావు. అప్పటికి ఈ బండి మనది కూడా కాదు. అక్క పెళ్లి, నీ ఫీజులు, తాత ఆపరేషన్, అన్నీ ఆ డీజిల్ ఇంజిన్ మీదే జరిగాయి. దాన్ని తీసి ఎక్కడ పడేస్తావురా?"

నా దగ్గర ఆన్సర్ లేదు. మూడు రోజులు ఆ టాపిక్ ఎత్తలేదు మేమిద్దరం.

నాలుగో రోజు పొద్దున్న చూస్తే, నాన్న షెడ్డులో ఆ గోనెపట్టా తీసి పెట్రోల్ ఇంజిన్ ముందు కూర్చున్నారు. నాలుగు ప్లగ్గులూ విప్పారు. కిరసనాయిలు, ఇంజిన్ ఆయిలు కలిపి ఆ నాలుగు రంధ్రాల్లో పోశారు. పిస్టన్లు తుప్పుకి పట్టేసుకున్నాయి, ఇలా నానబెడితే వదులుతాయి అన్నారు. "బండిలో ఎక్కించడానికి కాదు. నీకు నేర్పడానికి" అన్నారు.

రోజూ సాయంత్రం హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పమనేవారు. బలం పెట్టొద్దు, బలం పెడితే రింగులు విరుగుతాయి. నాకు ఓపిక లేదు, ఒకరోజు గట్టిగా తొక్కబోతే చెయ్యి మీద కొట్టారు, చిన్నపిల్లాడిని కొట్టినట్టు. పదకొండో రోజు వేలెడంత కదిలింది. నాన్న ఏమీ అనలేదు, ఇంకొంచెం కిరసనాయిలు పోసి వెళ్లిపోయారు. నాకు మాత్రం ప్రొడక్షన్ సర్వర్ మళ్లీ లేచినప్పుడు కూడా అంత సంతోషం రాలేదు.

అక్కణ్నుంచి హెడ్ దించాం, వాల్వులు గ్రైండింగ్ చేశాం. బోరు పని భీమవరంలో చేయించాం. కార్బురేటర్ నేనే విప్పాను, ప్రతి ముక్క ఫోటో తీసుకుంటూ. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆగాం. లోపల పాయింట్స్ ఉంటాయి, రెండూ ఎంత దూరం విడిపోవాలో అది వెంట్రుకల లెక్క, అంగుళంలో వెయ్యి వంతులు చేస్తే పదిహేను వంతులు. నాన్నకి ఇప్పుడు అంత సన్నగా కనిపించట్లేదు, కళ్లజోడు మార్చినా సరే. నేను ఆన్‌లైన్‌లో కొన్న గేజ్ పెట్టి సెట్ చేశాను. వెనకటికి ఆయన పోస్టుకార్డు ముక్క పెట్టి చూసేవారట. నేను సెట్ చేయడం, ఆయన వినడం. ఇంజిన్ని ఇనుప స్టాండు మీద బిగించి, ఒక సాయంత్రం స్టార్ట్ చేశాం. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినమన్నారు. డాక్టర్ స్టెత్ లాగా. అప్పుడు వినిపించిందే ఎపిసోడ్ మొదట్లో మీరు విన్న టక్ టక్. అప్పటికి నాకు అన్ని సౌండ్లూ ఒకేలా ఉన్నాయి. ఇప్పుడు ట్యాపెట్ సౌండ్‌కీ బేరింగ్ సౌండ్‌కీ తేడా తెలుస్తుంది. మిగతావి ఇంకా రాలేదు.

బండిలో డీజిల్ ఇంజినే ఉంచేశాం. కింద రేకు తుప్పు పట్టిన చోట టింకరింగ్ చేయించి, రంగు వేయించాం. వి.ఎ. ప్లేటు మాకు రాదు, ఆ రూల్‌కి మా బండి సరిపోదు. రూల్ తప్పు అనట్లేదు నేను, మ్యూజియంలో పెట్టే బండ్లకి అలాంటి కొలత ఉండాల్సిందే. కానీ మా బండి చరిత్రలో 1977 ఎంత నిజమో 1993 కూడా అంతే నిజం. ఒకటి దాచాలని ఇంకోటి చెరిపేస్తే, ఎవరి చరిత్రని కాపాడినట్టు?

ఇంకొక్క విషయం. అంబాసిడర్ తయారీ 1958 నుంచి 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో నడిచింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు డిజైన్, అర్ధశతాబ్దం పైగా పెద్ద మార్పు లేకుండా. మనం దాన్ని చూసి నవ్వుకుంటాం, మీమ్స్ చేస్తాం. కానీ ఆ బండి మారకపోవడం వల్లే తాత నేర్చుకున్న పని నాన్నకీ పనికొచ్చింది. ఇవాళ్టి కార్లలో బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ పెడితే గానీ ఏం పాడైందో చెప్పదు. బండ్లు బెటర్ అయ్యాయి, పొగ తగ్గింది, యాక్సిడెంట్‌లో ప్రాణాలు కాపాడుతున్నాయి, అందులో వాదన లేదు. కానీ కార్బురేటర్ చూసిన చేతులకి ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్లు. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, భీమవరంలో పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల పిల్లలు చాలామంది ఈ పనిలోకి రాలేదు. రమ్మని కూడా వాళ్లు అడగలేదు. మా నాన్న కూడా నన్ను ఎప్పుడూ అడగలేదు. ఇంజనీరింగ్ చదువు అన్నారు, చదివాను. పానా పట్టుకోమని ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకు నాన్నా అంటే, "నువ్వడిగితే చెబుదామనుకున్నాను" అన్నారు. ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది నాకు అడగడానికి.

నేను ఇప్పుడు ఒక పని చేస్తున్నాను. స్టాండు మీదున్న ఇంజిన్లో కావాలని ఒక్కో తప్పు పెట్టి, దాని సౌండ్ ఫోన్లో రికార్డు చేసి, పక్కనే నాన్న మాటలు కూడా రికార్డు చేస్తున్నాను. ట్యాపెట్ లూజు, టైమింగ్ ముందుకి, టైమింగ్ వెనక్కి, గాలి లీకు. ఇప్పటికి 40 దాటాయి.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉండే ఉంటారు. కారే అక్కర్లేదు. కుట్టు మిషను, రేడియో, పడవ ఇంజిన్, చేపల వల, ఏదైనా. ఈ ఆదివారం ఫోన్ పట్టుకుని వాళ్ల పక్కన కూర్చోండి. ఒకటి విప్పి చూపించమనండి. కింద కామెంట్లో ఏం విప్పారో రాయండి, నేను నాన్నకి చదివి వినిపిస్తాను.

ఉంటానండి మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.